బోర్లించిన రాతి తొట్టి

ఎస్తేరు మిద్దె మీద కుందేళ్లకు నీళ్ల కొదవ లేదు. గూళ్ల జాలీకి తలకిందులుగా కట్టిన ప్లాస్టిక్ సీసాలుంటాయి. సీసా మూతికి సన్నటి ఇనుప గొట్టం, గొట్టం చివర చిన్న గుండు. కుందేలు నాలుకతో ఆ గుండును తోసినప్పుడల్లా టిక్కుటిక్కుమంటూ బొట్టు బొట్టు నీళ్లు రాలతాయి. అది చాలదన్నట్టు మూలన ఒక పాత రాతి తొట్టి, దాన్నిండా కూడా నీళ్లే. నంద్యాల ఎండ ఎట్లుంటుందో తెలిసినవాళ్లెవరూ దీన్ని తప్పు పట్టరు. నీడకు కట్టిన పచ్చ నెట్టు కింద, తడిపిన గోనెపట్టాల చాటున అవి కాళ్లు చాపుకుని పడుకుంటే, అరవైకి దగ్గరపడిన ఎస్తేరు మోకాళ్లు పట్టుకుని పూటపూటా మెట్లెక్కి సీసాలు నింపి వస్తుంది. "నోరు లేని జీవాలు చిన్నమ్మా, దప్పికైతే అడగలేవు గదా" అంటుంది. కింద గదిలో నోరున్న కూతురు నీళ్లు అడుగుతూనే ఉంది. దానికి మాత్రం ఉగ్గుగిన్నెతో కొలిచి పోస్తోంది.

ఎస్తేరు మా అక్క కూతురు. ఎస్తేరు కూతురు కృప. బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్ల, కాన్పుకు తల్లి దగ్గరికి వచ్చింది. ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు, ఇంటికొచ్చి ఇంకా కుట్లు కూడా ఆరలేదు. నేను బిడ్డను చూడడానికి పోయాను. గది తలుపు తీయగానే సాంబ్రాణి, వెల్లుల్లి, పసిబిడ్డ వాసన కలిసి మొహానికి కొట్టాయి. కిటికీలు మూసేశారు, ఫ్యాను ఆపేశారు, కృప చెవుల్లో దూది, తలకు గుడ్డ. పెదాలు పగిలి తెల్లగా పొక్కు కట్టాయి. బిడ్డ రొమ్ము పట్టుకుని రెండు గుక్కలు లాగి వదిలేసి ఏడుస్తోంది. "అవ్వా, గొంతు ఎండుకపోతాంది" అంది కృప గొణుగుతున్నట్టు. తాగి చావరాదా, ఎవరొద్దన్నారు అన్నాను. ముప్పై ఏళ్లు బళ్లో పిల్లల్ని అదిలించిన నోరు నాది, మెత్తగా మాట్లాడడం ఎప్పుడో మరిచిపోయింది. "తాగితే మా అమ్మ ఏడుస్తాది అవ్వా. నిన్న ఒక గ్లాసు తాగినా. సాయంత్రం దాకా నా పాదాలు పట్టుకొని చూస్తానే ఉండె, వాపొచ్చిందేమోనని. ఆమె ఏడుపు చూడలేక మానుకున్నా" అంది.

అప్పుడే ఎస్తేరు వచ్చింది, చేతిలో ఉగ్గుగిన్నె. ఇత్తడిది, మూతి దగ్గర చిన్న సొట్ట. ఆ సొట్ట నాకు తెలుసు. ఇది యాడిదే అని అడిగాను. "మన ఆళ్లగడ్డ ఇంట్లోది గదా, మీ అమ్మ పెట్టెలో దొరికె" అని చెప్పి కూతురి నోట్లో కాచి చల్లార్చిన నీళ్లు రెండు గుక్కలు పోసి గిన్నె వెనక్కి తీసుకుంది. కృప నోరు ఇంకా తెరిచే ఉంది. నాకు కోపం నషాళానికెక్కింది. డాక్టరమ్మ ఏం చెప్పిందే నీకు అన్నాను. "నీళ్లు బాగా తాగల్ల అని చెప్పింది. ఆమెకేం చిన్నమ్మా, వాళ్లమ్మ బతికే ఉండాది. మా అమ్మ బాలింతగా నీళ్లు తాగి సచ్చిపాయ. నా బిడ్డను గూడా పోగొట్టుకోమంటావా" అంది ఎస్తేరు. గొంతు పెంచలేదు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేక కాదు. ఎన్నోసార్లు చెప్పిన జవాబే, ఎన్నోసార్లు చెల్లని జవాబే. మిద్దె ఎక్కి ఆ రాతి తొట్టి పక్కన కూలబడ్డాను. ఆ తొట్టి మా అక్కది.

ఆళ్లగడ్డలో మా ఇల్లు శిల్పులు పనిచేసే సందుకు వెనక ఉండేది. తెల్లారకముందే ఉలి చప్పుడు మొదలయ్యేది, ఆ చప్పుడుకు లేవడమే మాకు అలవాటు. దండెం మీద బట్టలకు, తాగే చెంబుకు, అన్నానికి కూడా రాతి దుమ్ము రుచి తగిలేది. నాయన బడిపంతులు. అమ్మ నోట్లో నాలుక లేని మనిషి. ఇంటి పెత్తనమంతా జేజిది, అంటే నాయనను కన్నతల్లిది. తెల్లచీర, నడుముకు నశ్యం డబ్బా, తలగడ కింద బైబిలు. నశ్యం పీల్చి తుమ్మి, "ప్రభువా" అని ముక్కు తుడుచుకుని అప్పుడు ఇంట్లో ఒక్కొక్కరికి పని చెప్పేది. జేజిని చూస్తే మా వీధి వీధికే భయం, కానీ ఎవరింట్లో కాన్పన్నా, జ్వరమన్నా ముందు పరిగెత్తేది కూడా ఆమెనే.

మా అక్క రూతమ్మకు జీవాల పిచ్చి. గూట్లోంచి జారిపడిన ఉడుతపిల్లకు దూది వత్తితో పాలు తాపి బతికించింది. అది పెద్దదై అక్క జడలోకి దూరి పడుకునేది, చర్చిలో ప్రార్థన మధ్యలో తల బయటపెట్టి చూసేది. రెక్క విరిగిన పావురం ఒకటి చాలాకాలం మా వంటింట్లో అలమర మీద కాపురముంది. "ఇది ఇల్లా, నోవహు ఓడా" అని జేజి తిట్టేది, తిడుతూనే బియ్యం నూకలు చల్లేది. ఒకసారి నాయన నంద్యాల పోయి వస్తూ, తెలిసిన హాస్టల్ వార్డెన్ ఇచ్చాడని గంపలో కుందేళ్ల జత తెచ్చాడు. ఆడది తెల్లగా, మగది బూడిద నలుపు. పంతులింటి కుందేళ్లు కాబట్టి అక్క వాటికి సుద్ద, పలక అని పేర్లు పెట్టింది. నాయన పాత బెంచీ చెక్కలతో పెరట్లో ఎత్తుమీద గూడు కట్టాడు, కింద పడిన పెంటికల మీద రోజూ బూడిద చల్లడం నా పని. అయినా ఎండాకాలం ఆ మూత్రపు వాసన కళ్లు మండించేది. పొద్దున్నే గరిక, అలసంద తీగ కోసుకొచ్చి చేట మీద పరిచి, మంచు తడి ఆరాకే పెట్టాలి. తడి ఆకు తింటే కడుపుబ్బి చస్తాయని అక్క భయం. నెలకోసారి ఒళ్లో వేసుకుని గోళ్లు తీసేది, చెవులు చూసేది. నేను కాళ్లు పట్టుకోవాలి. గీరితే నాకు, ముద్దులు అక్కకు.

నీళ్ల దగ్గరే మొదటి తగువు. కుందేలు నీళ్లు తాగదని, ఆకులో ఉన్న తేమే దానికి చాలని, నీళ్లు పెడితే చస్తుందని మా వీధిలో అందరూ చెప్పేవాళ్లు. మనం తాగుతాం, కుక్క తాగుతాది, ఇదెందుకు తాగదు అని అక్క మట్టి మూకుడులో నీళ్లు పెట్టింది. సుద్ద గబగబా తాగింది, తాగి మూకుడును కాలితో తన్ని పడేసింది. రోజుకో మూకుడు పగిలేసరికి అక్క వెనక సందులో శిల్పం చెక్కే వీరమామను అడిగింది. ఆయన విరిగిన పీఠం ముక్కను తొలిచి ఈ తొట్టి చేసిచ్చాడు. విగ్రహాల రాయి మనింట్లోకి వద్దంటే వద్దని జేజి గుమ్మంలో అడ్డం నిలబడింది. "అది పీఠం ముక్కేమ్మా, ఆడ ఇంకా దేవుడు కూర్చోలేదు" అని నాయన నవ్వి, తానే మోసుకొచ్చి గూట్లో పెట్టాడు. ఇక దాన్ని ఏ కుందేలూ పడేయలేకపోయింది.

అక్కకు నంద్యాలలో పెళ్లయింది. పోతూ నాకు ఒకటే మాట చెప్పింది, తొట్టి ఎండనీకు మే అని. నేను ఎండనీయలేదు. మళ్లీ అక్క తొలి కాన్పుకు వచ్చేసరికి సుద్ద కూడా చూలుతో ఉంది. పొట్ట పట్టుకుని గూటి ముందు పీట వేసుకుని కూర్చుని, "ముందు నువ్వా, నేనా" అని దాంతో మాట్లాడేది. ఎండలు ముదిరిన రోజులు. ముందు అక్కే కనింది, ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీదుగా. ఆడబిడ్డ. ఆ బిడ్డే ఎస్తేరు.

ఆ రోజు నుంచీ మా ఇంట్లో చీకటి గది ఒకటి తయారైంది. తలుపు మూసి, మంచం కింద కుంపటి పెట్టి, చెవుల్లో దూది పెట్టి, అక్కకు జేజి పత్యం మొదలుపెట్టింది. వెల్లుల్లి కారం, మిరియాల చారు, బాలింత మందు కాయం ఉండ. నీళ్లు మాత్రం ఈ ఉగ్గుగిన్నెతోనే, అన్నం తిన్నాక, అదీ కాచినవి. బయట మనుషులు ఎండకు వడదెబ్బ తగిలి పడిపోతుంటే లోపల అక్క నిప్పుల మీద పడుకుని ఉంది. జేజిది రాతి గుండె అని మీరనుకుంటే నేనొప్పుకోను. ఆమె చెల్లెలొకామె బాలింతగా ఉండి ఎవరూ చూడకుండా కుండలో నీళ్లు ముంచుకుని తాగిందట, ఒళ్లంతా ఉబ్బి పిచ్చిమాటలు మాట్లాడుతూ పోయిందట. ఆ కథ చెప్పేటప్పుడు మాత్రం జేజి నశ్యం పీల్చేది కాదు. అక్క కాళ్లు పట్టుకుని రోజూ నొక్కి చూసేది, గుంట పడుతుందా లేదా అని. ఆమె చేసిందంతా భయంతో చేసింది, ప్రేమతో చేసింది, అదే మాకు ఎదురు చెప్పే సందు లేకుండా చేసింది.

కొద్ది రోజులకు సుద్ద ఈనింది. ఈనే ముందు రొమ్ము మీది బొచ్చంతా పళ్లతో పీక్కుని, గడ్డి మీద పరిచి మెత్తటి గూడు చేసింది. ఎర్రటి కండముక్కల్లాంటి పిల్లలు ఆ తెల్లబొచ్చు కింద కదులుతుంటే జేజి వంగి చూసి చాలాసేపు లేవలేదు. లేచేసరికి కళ్లలో నీళ్లు. "తన ఒళ్లు పెరుక్కొని బిడ్డలకు పక్కేసిందే. ఇది గూడా బాలింతే గదా" అంది. అంతే, ఆ క్షణంలోనే నిర్ణయం జరిగిపోయింది. జేజి తొట్టిలో నీళ్లు పారబోసి, రాతిని బోర్లించింది. పచ్చి ఆకు నిమ్ము చేస్తుందని మాన్పించింది. ఎండు జొన్నలు, ఎండిన చొప్ప, కాయం ఉండలోంచి గోటితో గిల్లిన ముక్క. సాయంత్రమైతే అక్క గదిలో వేసిన సాంబ్రాణి పొగే తెచ్చి గూటికి పట్టింది. వీధిలో ఆడవాళ్లు వచ్చి చూసి, పంతులు వాళ్లమ్మ కుందేలుకు పత్యం పెడతాందని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు ఎక్కువ రోజులు సాగలేదు.

సుద్ద మొదట బోర్లించిన తొట్టి చుట్టూ తిరిగింది. తర్వాత దాని వీపును నాకింది. నేను గూటి దగ్గరికి పోతే జాలీలోంచి మూతి బయటికి పెట్టి, అప్పుడే మొహం కడుక్కున్న నా వేళ్లను నాకేది. చేయి వెనక్కి తీస్తే జాలీ తీగలు కొరికేది. అక్కకు ఈ సంగతి చెప్పాను. మూసిన తలుపు వెనక నుంచే అరిచింది, "జేజీ, దానికి నీళ్లు పెట్టు జేజీ" అని. "నువ్వు గమ్మునుండు, నీ పత్యం సంగతి చూస్కో" అని జేజి కుంపట్లో బొగ్గులు వేసింది.

అప్పటికే అక్క ఒళ్లు కాలుతోంది. ఈ మాట నేను గట్టిగా రాస్తాను, ఎందుకంటే నేను ముట్టుకుని చూశాను. నీళ్ల సంగతికి ముందే, సుద్ద ఈనక ముందే, అక్క చేయి పట్టుకుంటే పెనం మీద పెట్టినట్టుండేది. కుంపటి వేడిలే అని జేజి తీసిపారేసింది. పాలు ఇగిరిపోయాయి. బిడ్డ ఏడిచీ ఏడిచీ గొంతు బొంగురుపోయి, చివరికి ఏడుపు కూడా మానేసి నోరు మాత్రం తెరిచి మూసేది. "సారా, రవ్వన్ని నీళ్లు తెచ్చియ్యి మే. నీకు పుణ్యముంటాది" అని అక్క నన్ను బతిమాలేది. నేను కుండ దగ్గరికి పోతే అమ్మ వచ్చి చేయి పట్టుకునేది. కొట్టేది కాదు. "అక్కకు ఏమన్నా అయితే నేనెట్ల బతకల్ల" అని నా చేయి పట్టుకునే ఏడ్చేది. అప్పుడు నేను తువ్వాలు కొస తడిపి, మొహం తుడిచే మిషతో అక్క నోటికి అందించేదాన్ని. అక్క ఆ గుడ్డను పిల్లలు రొమ్ము చీకినట్టు చీకేది. జేజి చూసి ఆ తువ్వాలు కూడా లాక్కుంది.

ఒకరోజు పొద్దున బూడిద చల్లడానికి పోయాను. బొచ్చు గూడు చెదిరి ఉంది. పిల్లలు సగం లేవు. సుద్ద మూతి, ముందు కాళ్లు ఎర్రగా ఉన్నాయి. అది ఏ పిల్లీ వచ్చి చేసిన పని కాదు, గూటి తలుపుకు గొళ్లెం పెట్టే ఉంది, రాత్రి నేనే పెట్టాను. నా వెనకే వచ్చిన అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సందులోంచి ఇద్దరు ముగ్గురు తొంగి చూసి, కన్నబిడ్డల్ని తినింది, ఇది కుందేలు కాదు రాకాసి, బాలింత ఉన్న ఇంట్లో ఇట్లాంటిది ఉండకూడదు అన్నారు. జేజి లోపలికి పోయి రోకలి తెచ్చింది. గూటి తలుపు తీస్తుంటే, వెనక చీకటి గది తలుపు కిర్రుమంది. అక్క గోడ పట్టుకుని బయటికి వస్తోంది. ఎండలోకి వచ్చాక చూశాను, కళ్లు గుంటలు పడి, మెడ నరాలు తేలి, మా అక్కేనా అనిపించింది. బాలింత పెరట్లోకి వచ్చిందని అందరూ ఒక్కసారే లోపలికి పొమ్మన్నారు. అక్క వినిపించుకోలేదు. గూటి దగ్గరికి వచ్చి చూసింది. సుద్దనూ, మిగిలిన పిల్లల్నీ, బోర్లించిన తొట్టినీ.

"రాకాసి కాదు జేజీ. దప్పిక" అంది.

జేజి రోకలి దించలేదు. అక్క మాట తడబడకుండా, ఒక్కొక్కటీ చెప్పింది. "నాకు తెల్సు. నిన్న ఎండపూట బిడ్డ చెంపల మీద చెమట పట్టింటే నేను నాలికతో నాకినా. ఉప్పగ ఉండె. ఇంగా కావాలనిపిచ్చె. ఆ పాపను చూస్తే నాకు బిడ్డ కనపడల్యా జేజీ, నీళ్లు కనపడె. దాన్ని కొట్టేదుంటే నన్ను గూడా కొట్టు." ఉలి చప్పుడు ఆగిందో, నాకు వినపడలేదో తెలీదు. అక్క వంగి తొట్టిని తిప్పబోయింది, కదల్లేదు. నేను పోయి పట్టాను. ఇద్దరం కలిసి తిప్పాము. నీళ్లేవి అన్నట్టు అక్క చుట్టూ చూసింది. అప్పుడు వంటింట్లోంచి మా అమ్మ వచ్చింది, చంకన బిందెతో, చేతిలో చెంబుతో. పెళ్లయి వచ్చినప్పటి నుంచి అత్త మాటకు ఎదురు చెప్పని మా అమ్మ, జేజి ముందునుంచే నడిచి వచ్చి, తొట్టిలో నీళ్లు పోసింది. సుద్ద తల ముంచి తాగింది. తాగుతూ తాగుతూ కడుపు ఎగరేసింది, మళ్లీ తాగింది. అది తల ఎత్తేదాకా చూసి, అక్క అమ్మ చేతిలోంచి చెంబు తీసుకుంది. నీళ్లు గొంతు మీంచి, జాకెట్టు మీంచి కారిపోతుంటే తాగింది. జేజి రోకలి పక్కన పడేసి నేల మీద చతికిలబడి, కొంగు తలమీదికి లాక్కుని పైకే ప్రార్థన మొదలుపెట్టింది. ఆ గొంతు విన్నవాళ్లెవరూ ఆమెది కఠినమైన మనసని అనరు.

ఆ మధ్యాహ్నం సుద్ద మిగిలిన పిల్లల మీద కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి పాలిచ్చింది. అక్కా ఇచ్చింది. అది చెప్పే చోటు ఇంకొంచెం తర్వాత వస్తుంది, అక్కడే చెప్తాను.

మర్నాడు అక్కకు చలి మొదలైంది. ఎన్ని దుప్పట్లు కప్పినా మంచం గడగడలాడింది. నాయన ఇక జేజి మాట వినలేదు. అక్కను నంద్యాల బస్సెక్కించి పెద్దాస్పత్రికి తీసుకుపోయాడు. అక్కణ్నుంచి అక్క తిరిగి రాలేదు. కాన్పప్పుడే లోపల చీము పట్టిందని, జ్వరం వచ్చిన రోజే తెచ్చుంటే ఏమో గానీ ఇప్పుడు ఆలస్యమైందని డాక్టరు చెప్పాడట. నాయన ఆ మాట ఇంటికొచ్చి ఒకేసారి చెప్పాడు, మళ్లీ చావుదాకా ఎత్తలేదు. జేజి అన్నది కూడా ఒకే మాట. "చెప్తి గదా." ఊరంతా జేజి మాటనే పట్టుకుంది. రూతమ్మ నీళ్లు తాగి పోయిందన్నారు. జ్వరం ముందునుంచే ఉండిందని నేను అరిచాను, ముట్టుకున్నది నేనేనని ఏడ్చాను. చిన్నపిల్లవు, నీకేం తెల్సు, గమ్మునుండు అన్నారు. ఎందుకట్లా అన్నారో నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. నీళ్లు చంపాయంటే తప్పు నీళ్లది. ఆలస్యం చంపిందంటే తప్పు ఇంట్లో ప్రతి ఒక్కరిదీ. ఎవరు మోస్తారు దాన్ని? మోసింది మా అమ్మ ఒక్కతే. బిందె తెచ్చింది తను కదా. కూతుర్ని తన చేత్తోనే చంపుకున్నానని నమ్ముతూ బతికింది, నమ్ముతూనే పోయింది. నేనేం చెప్పినా ఆమె చెవికి ఎక్కలేదు. జేజి సంగతి ఇంకో రకం. ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్లూ నశ్యం పీల్చకముందే, బైబిలు తెరవకముందే పెరట్లోకి పోయి ఈ తొట్టి నింపేది. ఎందుకని ఎవరైనా అడిగితే కసురుకునేది. అట్లా నింపుతూనే, ఊళ్లో ఏ బాలింత గదికి పోయినా ఉగ్గుగిన్నె చేతబట్టుకునే పోయేది. ఆ రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఇమిడాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఎస్తేరును మేక పాలతో సాకాము. బావ మళ్లీ పెళ్లి చేసుకుని వేరే ఊరికి పోయాడు, నేను తప్పు పట్టను. ఈ పిల్ల సుద్ద పిల్లల మధ్య, వాటి పిల్లల మధ్య పెరిగింది, అందుకే ఈ వయసులోనూ దీనికి కుందేళ్లు లేని ఇల్లు ఇల్లు కాదు. ఆళ్లగడ్డ ఇల్లు అమ్మేటప్పుడు ఏమీ అడగలేదు, మా అమ్మ తొట్టి, మా అవ్వ పెట్టె నాకిచ్చేయండి అని మాత్రం అడిగి తెచ్చుకుంది. వెంట ఆ భయాన్ని కూడా తెచ్చుకుందని నాకు ఆ ఉగ్గుగిన్నె చూశాకే అర్థమైంది. అప్పుడు మాకు మంత్రసాని తప్ప దిక్కు లేదు, కిరోసిన్ దీపం, బస్సు కోసం ఎండలో కాపు. ఇప్పుడు వీధి మలుపులో ఆస్పత్రి, ఫ్రిజ్ నిండా సీసాలు, చేతిలో ఫోను. కుందేళ్లకు కూడా గుండు తోస్తే నీళ్లొచ్చే రోజులు. అయినా ఒక జ్వరాన్ని నీళ్ల మీదికి నెట్టిన, జేజి అన్న ఆ రెండు మాటలు మాత్రం, ఉగ్గుగిన్నె సొట్టతో సహా, చెక్కు చెదరకుండా ఇక్కడిదాకా వచ్చాయి.

సాయంత్రం ఎస్తేరు సీసాలు నింపడానికి పైకి వచ్చింది. కూర్చోమన్నాను. "మళ్లా జొరం కథ చెప్తావ్, డాక్టరు కథ చెప్తావ్. విని విని ఉండా చిన్నమ్మా" అంది. అది చెప్పను, కూర్చో అన్నాను. ఇన్నాళ్లూ దానితో వాదించాను, పంతులమ్మను కదా, కారణాలు చూపించాను. ఆ మధ్యాహ్నం సంగతి కారణం కాదు, అందుకే నా వాదనల్లోకి ఎప్పుడూ రాలేదు. ఈసారి ఎస్తేరుకు అదే చెప్పాను. నీళ్లు తాగాక అక్క గోడకానుకుని కూర్చుని నిన్ను తెమ్మంది. నేనే తెచ్చి ఒళ్లో పెట్టాను. నోరు మూసి తెరవడం తప్ప నీకు ఇంకేం చేతకావడం లేదు అప్పటికి. కాసేపటికి గుటక వేసిన చప్పుడు వినపడింది. తర్వాత ఇంకోటి. అక్క నన్ను పిలిచి, "చూడు మే, పాలు కారతాండాయి" అని నవ్వింది. పెళ్లికి ముందు ఉడుతకు పాలు తాపినప్పుడు నవ్వే నవ్వు. నీ దవడ మీదుగా పాలు కారి చెవిలోకి పోతే నేను తుడిచాను. నువ్వు తాగీ తాగీ, నోట్లో రొమ్ము ఉండగానే నిద్రపోయావు. అక్క కదల్లేదు, నిన్ను లేపకూడదని పొద్దుగూకేదాకా అట్లే కూర్చుంది.

ఎస్తేరు నింపాల్సిన సీసాను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గూట్లో గుండు టిక్కుటిక్కుమంటోంది. "నేను మా అమ్మ పాలే తాగలేదనుకుంటాండా ఇన్ని దినాలూ" అంది చివరికి. తాగినావు, కడుపు నిండా తాగినావు, ఆ నీళ్లే నీకు పాలయినాయి అన్నాను. "నవ్వెనా మా అమ్మ?" నవ్వింది అన్నాను. ఎస్తేరు తొట్టి అంచు పట్టుకుని ఏడ్చింది, పెద్దదాని ఏడుపు కాదు అది.

కిందికి దిగాక ఉగ్గుగిన్నెను అలమరలో పెట్టింది. గ్లాసు నిండా నీళ్లు పోసి కృపకు ఇచ్చి, తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. కృప మా ఇద్దరినీ చూసి, ఏం జరిగిందో తెలీక, ఎక్కడ లాక్కుంటామోనని ఒకే ఊపున తాగేసింది. ఒక్కో గుటకకూ ఎస్తేరు చేతి వేళ్లు తలుపు చెక్కను గట్టిగా పట్టుకోవడం నేను చూశాను. "దీనికేమన్నా అయితే నేను బతకను చిన్నమ్మా" అంది నా చెవిలో. భయం పోలేదు. పోతుందని నేననుకోను, అది దాని ప్రాణమంత పాతది. కృప ఖాళీ గ్లాసు చాపి, "ఇంకొంచం అమ్మా" అంది. ఎస్తేరు నా మొహం చూసింది, ఒళ్లో బిడ్డను చూసింది, గ్లాసు తీసుకోకుండా వంటింట్లోకి పోయింది. రాదేమోననుకున్నాను. కాసేపటికి కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చింది, చంకన బిందెతో. ఆ రోజు మా అమ్మ కూడా అట్లాగే వచ్చింది.